పునస్సంయోజిత మానవ కండర ప్రోటీన్లు

మనిషి కండరంలో సహజంగా తయారయ్యే ఒక ప్రోటీనుకు సంబంధించిన జన్యు సందేశాన్ని బాక్టీరియాలోకో, ఈస్టులోకో, కీటకాల లేదా క్షీరదాల కణాల్లోకో ప్రవేశపెట్టి, ఆ కణాల చేతనే దానిని తయారు చేయించి, శుద్ధి చేసి పరిశోధనకు వాడినప్పుడు అలా లభించిన పదార్థాన్ని పునస్సంయోజిత మానవ కండర ప్రోటీను అంటారు. ప్రయోగశాలల్లో మాత్రం రీకాంబినెంట్ ప్రోటీన్ అనే పేరే వినబడుతుంది. కండర సంకోచానికి మూలమైన మయోసిన్, ఆక్టిన్, ఆ సంకోచాన్ని కాల్షియం ద్వారా అదుపుచేసే ట్రోపోనిన్, ఆక్సిజన్‌ను నిల్వచేసే మయోగ్లోబిన్, శక్తి మార్పిడికి తోడ్పడే క్రియాటిన్ కైనేజ్, కణపు పొరను చిరిగిపోకుండా కాపాడే డిస్ట్రోఫిన్, సాగి మళ్లీ ముడుచుకునే టైటిన్ ఈ కోవలో ఎక్కువగా అధ్యయనానికి వచ్చినవి. వీటిలో గుండె కండరానికి చెందిన మయోసిన్ బంధక ప్రోటీన్ సి భారతీయులకు, అందులోనూ హైదరాబాదులో జరిగిన పరిశోధన వల్ల తెలుగువారికి, ప్రత్యేకంగా తెలుసుకోదగినది.

మనిషి కండరాన్నే నేరుగా తీసుకుని అందులోంచి ప్రోటీన్లను వేరుచేసే అవకాశం చాలా పరిమితం. బయాప్సీలో తీసిన చిన్న ముక్కో, అవయవ మార్పిడి సమయంలో తొలగించిన గుండెలోని భాగమో తప్ప పరిశోధకుడికి మరేదీ చేరదు. చేరినదానిలో కూడా ఆ వ్యక్తి వయసు, జబ్బు, అంతవరకు వాడిన మందుల ప్రభావం కలిసిపోయి ఉంటాయి. అందుచేత దశాబ్దాల పాటు కుందేలు కండరం, పశువుల గుండె, ఎలుక గుండె ఆధారంగానే కండర శాస్త్రం నడిచింది. అయితే నిమిషానికి 500 నుంచి 600 సార్లు కొట్టుకునే ఎలుక గుండె జఠరికల్లో ఆల్ఫా రకం మయోసిన్ ప్రధానంగా ఉండగా, మనిషి జఠరికల్లో దానికంటే నెమ్మదిగా పనిచేసే బీటా రకం ఉంటుంది. ఈ తేడా వల్ల ఒకే జన్యుమార్పు ఎలుక మయోసిన్‌లో ఒక ఫలితాన్ని, మానవ మయోసిన్‌లో మరో ఫలితాన్ని చూపిన సందర్భాలున్నాయి. మానవ ప్రోటీనునే, కోరిన మార్పుతో, కోరినంత మోతాదులో తయారు చేసుకోవలసిన అవసరం ఇక్కడ మొదలైంది.

చారిత్రక నేపథ్యం

మయోసిన్ అనే పేరు 1864లో జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ క్యూనె పెట్టినది. ఆక్టిన్‌ను 1940ల తొలి సంవత్సరాల్లో హంగరీలోని సెగెడ్‌లో ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గి బృందం వేరుచేసింది; ఈ రెండు తంతువులు ఒకదాని మీద ఒకటి జారడమే సంకోచమని 1954లో రెండు వేర్వేరు బృందాలు ప్రకటించాయి. వీటి నడుమ కాలంలో జరిగిన, ఈ వ్యాసానికి అన్నిటికంటే దగ్గరైన పరిశోధన భీమవరంలో 1895లో పుట్టి 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావుది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ద్రావణంలోని ఫాస్ఫేటును రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆమ్ల ద్రావణంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపినప్పుడు ఫాస్ఫేటు దానితో కూడి, ఒక క్షయకరణ పదార్థం చేరగానే నీలి రంగుగా మారుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువని అర్థం. రక్తం విషయంలో సవ్యంగా నడిచిన ఈ పరీక్ష కండర రసం విషయంలో తడబడింది, ఎందుకంటే రంగు రావలసిన వేగంతో రాక, ఆలస్యంగా, క్రమంగా చిక్కబడుతూ వచ్చింది. మరొకరైతే పరికరం లోపమనో, రసాయనం చెడిందనో వదిలేయగల ఈ ఆలస్యాన్ని వారిద్దరూ వెంటాడి, ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును వదిలే పదార్థం కండరంలో ఉందని గుర్తించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో వీరిద్దరూ వేర్వేరుగా కనుగొన్నారు. సుబ్బారావు పేరు నేటి తెలుగు పాఠకుడికి ఎక్కువగా మందుల ఆవిష్కర్తగా పరిచయమైనా, కండర జీవరసాయన శాస్త్రంలో ఆయన స్థానం అంతకు తక్కువది కాదు. పునస్సంయోజిత మయోసిన్ పనిచేస్తోందో లేదో తేల్చే పరీక్షల వెనుక ఉన్న సూత్రం ఆ నీలి రంగుదే.

రెండు జీవుల డీఎన్ఏను కత్తిరించి అతికించే సాంకేతికత 1970ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో రూపుదిద్దుకోగా, బాక్టీరియాలో తయారైన మానవ ఇన్సులిన్ 1982లో మందుగా అనుమతి పొందింది. కండర ప్రోటీన్లలో తొలి విజయాల్లో ఒకటి మయోగ్లోబిన్‌ది: 1985లో రాఘవన్ వరదరాజన్, సహచరులు మానవ మయోగ్లోబిన్ జన్యువును బాక్టీరియాలో వ్యక్తపరచి, తయారైన ప్రోటీనుకు ఇనుముతో కూడిన హీమ్‌ను చేర్చి, ఆక్సిజన్‌ను పట్టుకోగల స్థితికి తెచ్చారు. తెలుగునాట ఈ సాంకేతికత పారిశ్రామికంగా తొలిసారి ఫలించినది కండరంలో కాదు, కాలేయ వ్యాధి టీకాలో. హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈస్టులో తయారైన హెపటైటిస్ బి టీకాను విడుదల చేసింది. పల్నాటి రైతుకు ఇదే సాంకేతికత 2002లో దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి విత్తనం రూపంలో చేనుకు వచ్చింది. అక్కడ ఒక బాక్టీరియా జన్యువును మొక్కలో పెట్టి శనగపచ్చ పురుగును చంపే ప్రోటీనును తయారు చేయిస్తే, ఇక్కడ మనిషి జన్యు సందేశాన్ని బాక్టీరియాలో పెట్టి మనిషి ప్రోటీనును తయారు చేయిస్తారు. దిశ మారినా పని ఒకటే.

తయారీ విధానం

మానవ జన్యువును క్రోమోజోములో ఉన్నది ఉన్నట్టుగా తీసి బాక్టీరియాలో పెడితే పని జరగదు. మానవ జన్యువులో ప్రోటీనును నిర్దేశించే ఎక్సాన్లు అనే ఖండాల మధ్య, ప్రోటీనులోకి రాని ఇంట్రాన్లు అనే ఖండాలుంటాయి. మానవ కణం ముందుగా జన్యువు మొత్తాన్ని ఆర్ఎన్ఏగా నకలు తీసి, ఆపై ఇంట్రాన్లను కత్తిరించి, ఎక్సాన్లను వరుసగా కలిపి సందేశాన్ని సిద్ధం చేసుకుంటుంది. బాక్టీరియాకు ఈ కత్తిరింపు యంత్రాంగం లేదు. కాబట్టి కత్తిరింపు పూర్తయిన సందేశం నుంచి తిరిగి రాసుకున్న సీడీఎన్ఏనే, లేదా రసాయనికంగా సంశ్లేషించిన జన్యువునే ప్లాస్మిడ్ అనే వలయాకార డీఎన్ఏలో అమర్చి బాక్టీరియాలోకి పంపుతారు. ఈ చిన్న విషయం ముందుముందు హైదరాబాదు పరిశోధనను అర్థం చేసుకోవడానికి కీలకమవుతుంది.

బాక్టీరియాను 37 డిగ్రీల సెల్సియస్ వద్ద పోషక ద్రవంలో పెంచి, ద్రవం తగినంత మబ్బుబారాక ఐపీటీజీ అనే రసాయనం కలుపుతారు. అది జన్యువుకు ముందున్న అడ్డును తొలగించి తయారీని ప్రారంభిస్తుంది. తొందరపడి వేడిలోనే ఉంచితే ప్రోటీను సరిగా మడతపడక ముద్దలుగా పేరుకుపోతుంది కాబట్టి, ఉష్ణోగ్రతను 16 నుంచి 20 డిగ్రీలకు దించి రాత్రంతా వదిలేయడం పరిపాటి. మర్నాడు కణాలను పగలగొట్టి, ఆ రసాన్ని నికెల్ పూసిన పూసలున్న గొట్టం గుండా పంపుతారు. ప్రోటీను ఒక చివర ముందుగానే చేర్చిన 6 హిస్టిడిన్ల తోక నికెల్‌ను పట్టుకుని నిలిచిపోతుంది, మిగతాదంతా కొట్టుకుపోతుంది. తరువాత ఇమిడజోల్ పోస్తే అది హిస్టిడిన్ స్థానాన్ని ఆక్రమించి ప్రోటీనును విడుదల చేస్తుంది. దీనిని జెల్ మీద పరుగెత్తించి కూమాసీ నీలి రంగు వేసినప్పుడు, కణరసం పోసిన గడిలో పై నుంచి కింది దాకా కిక్కిరిసిన గీతలు, శుద్ధి చేసిన గడిలో ఒకే ఒక చిక్కటి గీత కనిపిస్తే పని సవ్యంగా జరిగినట్టు. ట్రోపోనిన్‌లోని సి, ఐ, టీ అనే మూడు భాగాల్లో ట్రోపోనిన్ సి అయితే ఆ గీత 18 కిలోడాల్టన్ల దగ్గర, గుండెకు చెందిన ట్రోపోనిన్ ఐ అయితే 24 దగ్గర నిలుస్తుంది.

అన్ని కండర ప్రోటీన్లూ ఇంత తేలికగా లొంగవు. ట్రోపోనిన్ సి బాక్టీరియాలో పుష్కలంగా, కరిగే రూపంలో వస్తుంది. ట్రోపోనిన్ ఐ ఒంటరిగా ఉంటే ఉప్పు తక్కువైన ద్రావణంలో నిలవదు, కనుక యూరియాలో కరిగించి శుద్ధి చేసి, ట్రోపోనిన్ సి, టీలతో జతకలిపి మడతపెట్టవలసి వస్తుంది. సుమారు 35 వేల ఎమైనో ఆమ్లాలతో మానవ దేహంలోనే అతిపెద్ద ప్రోటీనైన టైటిన్‌ను ఏ బాక్టీరియా కూడా పూర్తిగా తయారు చేయలేదు. 1990ల చివర నుంచి అందులోని ఒక్కొక్క ఖండాన్ని బాక్టీరియాలో తయారుచేసి, పరమాణు బల సూక్ష్మదర్శిని మొనతో లాగి, ఎంత బలానికి మడత విడుతుందో కొలుస్తున్నారు. 3,685 ఎమైనో ఆమ్లాల డిస్ట్రోఫిన్ విషయంలోనూ ఖండాలతోనే పని నడుస్తుంది. మయోసిన్ సంగతి వేరు, దాని సమస్య పరిమాణం కాదు, మడత. మోటారు భాగం సరిగా మడతపడాలంటే కండర కణంలోనే ఉండే సహాయక ప్రోటీన్లు కావాలి. అందుకే మానవ బీటా మయోసిన్ మోటారును సీ2సీ12 అనే ఎలుక కండర కణాల్లో తయారుచేసే పద్ధతి 2010 తరువాత స్థిరపడేవరకు, మయోసిన్ జన్యుమార్పుల ప్రభావాన్ని మానవ ప్రోటీను మీద కచ్చితంగా కొలవడం కుదరలేదు. ఒక మార్పు గుండె జబ్బుకు కారణమని 1990లోనే తెలిసినా, ఆ మార్పు మోటారు బలాన్ని పెంచుతుందా తగ్గిస్తుందా అనే ప్రశ్న రెండు దశాబ్దాలకు పైగా నానిందంటే అడ్డుపడినది సిద్ధాంతం కాదు, తయారీ.

మయోసిన్ బంధక ప్రోటీన్ సి

ఈ ప్రోటీనును మొదట 1970లలో కుందేలు కండరంలో, మయోసిన్‌తో పాటు వచ్చే కల్తీగా గమనించి, ఆపై విడి ప్రోటీనుగా గుర్తించారు. గుండెలోని రూపంలో 1,274 ఎమైనో ఆమ్లాలు, సీ0 నుంచి సీ10 దాకా 11 గోళాకార ఖండాలు ఉంటాయి. బరువు సుమారు 140 కిలోడాల్టన్లు. మయోసిన్‌తో ఏర్పడే మందమైన తంతువు మీద దాదాపు 43 నానోమీటర్లకు ఒకటి చొప్పున వరుసలుగా అమరి, వెనుక చివరనున్న ఖండాలతో మయోసిన్ తోకను పట్టుకుని, ముందు చివరనున్న ఖండాలను ఆక్టిన్ వైపు చాచి, గుండె ఎంత బలంగా, ఎంత వేగంగా ముడుచుకోవాలో సవరిస్తుంది. అడ్రినలిన్ ప్రభావంలో ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైము సీ1, సీ2 ఖండాల మధ్యనున్న భాగానికి ఫాస్ఫేట్లు తగిలించినప్పుడు ఈ పట్టు సడలుతుంది. దీని జన్యువైన ఎంవైబీపీసీ3 పదకొండవ క్రోమోజోము మీద ఉంది. అందులోని మార్పులు గుండె గోడలు మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే వంశపారంపర్య వ్యాధికి దారితీస్తాయని 1995లో తేలింది.

హైదరాబాదులో 1977లో ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే సీసీఎంబీ, ఈ కథలోకి 2009లో వచ్చింది. పెరుందురై దండపాణి, కుమారస్వామి తంగరాజ్ తదితరులు ఆ ఏడాది నేచర్ జెనెటిక్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఎంవైబీపీసీ3 జన్యువు 32వ ఇంట్రాన్‌లో 25 క్షారాలు లోపించిన రూపం భారతీయుల్లో సుమారు 4 శాతం మందిలో ఉంది. గుండె వైఫల్యంతో దానికి సంబంధం కనబడింది. ఒక వ్యాధికారక మార్పు ఇంత పెద్ద జనాభాలో ఇంత సాధారణంగా కనిపించడం అరుదు. లోపించినది ఇంట్రాన్‌లోనే అయినా, దాని వల్ల కత్తిరింపు గురి తప్పి పక్కనున్న 33వ ఎక్సాన్ సందేశంలోంచి జారిపోతుంది. తత్ఫలితంగా ప్రోటీను చివరనున్న సీ10 ఖండం రూపు మారి, మయోసిన్ తోకను పట్టుకునే చోటే దెబ్బతింటుంది. మేనరికాలు తరతరాలుగా సాగిన తెలుగు సమాజంలో, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే మార్పు సంక్రమించే అవకాశం ఎక్కువ కాబట్టి, ఒక్క ప్రతి ఉన్నవారిని, రెండు ప్రతులు ఉన్నవారిని విడిగా చూడవలసిన విషయమిది.

ఈ మార్పును బాక్టీరియాలో పరీక్షించాలనుకునే పరిశోధకుడికి ఒక చిక్కు ఎదురవుతుంది. బాక్టీరియాకు ఇచ్చే సీడీఎన్ఏలో ఇంట్రాన్లే ఉండవు కనుక ఇంట్రాన్‌లోని లోపాన్ని అందులో పెట్టడమన్నదే సాధ్యం కాదు. ఆ లోపం వల్ల చివరకు ఏ ప్రోటీను వస్తుందని భావిస్తున్నారో దానిని, అంటే మారిన సీ10 ఖండాన్ని, తయారు చేయించవలసిందే. అప్పుడు వచ్చే ఫలితం మారిన ప్రోటీను ఏం చేయగలదో చెబుతుంది గాని, రోగి గుండెలో ఆ ప్రోటీను అసలు ఎంత తయారవుతోందో, తయారయ్యాక నిలుస్తోందో, కణమే దాన్ని విరగ్గొట్టి పారేస్తోందో చెప్పదు. ఈ పరిమితిని గుర్తించి, రక్తకణాల నుంచి మూలకణాలను, వాటి నుంచి గుండె కణాలను పెంచే పద్ధతిని దీనికి జోడించారు. జనాభా పరిశోధన కూడా మొదటి అంచనాను సవరించింది. అమెరికాలోని దక్షిణాసియా సంతతివారిపై 2018లో వెలువడిన అధ్యయనం, ఈ లోపంతో పాటు డీ389వీ అనే మరో మార్పు కూడా ఉన్నవారిలోనే గుండె అతిగా ముడుచుకునే లక్షణం ఉందని చూపింది. బ్రిటన్‌లో 2020లో వచ్చిన విశ్లేషణ, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతితో కనిపించిన సంబంధంలో అధిక భాగం అదే క్రోమోజోము ముక్క మీద దాగిన మరొక అరుదైన కత్తిరింపు దోషానిదని వాదించింది. 25 క్షారాల లోపం ఉందన్న ఒక్క నివేదికతోనే ఎవరినైనా గుండె రోగిగా ముద్ర వేయడం, ఈ పరిశోధనల దృష్ట్యా, తొందరపాటే అవుతుంది.

బాక్టీరియాలో తయారైన ఈ ప్రోటీనుకు మరో లోటు ఉంది. బాక్టీరియా ఫాస్ఫేట్లు తగిలించదు. గుండెలో ఫాస్ఫేటు ఉన్న రూపానికీ లేని రూపానికీ ఉన్న తేడాయే ఈ ప్రోటీను పనితీరుకు ప్రాణం. శుద్ధి చేశాక పరీక్షనాళికలో కైనేజ్ ఎంజైముతో ఫాస్ఫేట్లు చేర్చడం, లేదా ఆ స్థానాల్లోని సెరిన్‌కు బదులు రుణావేశమున్న ఆస్పార్టిక్ ఆమ్లాన్ని జన్యుస్థాయిలోనే పెట్టడం వాడుకలో ఉన్న మార్గాలు. మొత్తం ప్రోటీను బాక్టీరియాలో దొరకడం కష్టం కనుక సీ0 నుంచి సీ2 వరకున్న ముందు భాగంతోనే ఎక్కువ ప్రయోగాలు జరిగాయి.

శుద్ధత, చురుకుదనం

సరఫరాదారుల పత్రాల్లో శుద్ధత 95 శాతానికి మించి అని రాసి ఉంటుంది. ఆ అంకె జెల్ మీద గీత ఎంత ఒంటరిగా ఉందో చెబుతుంది, ఆ ప్రోటీను పనిచేస్తుందో లేదో చెప్పదు. మడత చెడిన మయోసిన్ కూడా జెల్ మీద అంతే శుద్ధంగా కనిపిస్తుంది. మయోసిన్ చురుకుదనాన్ని తేల్చడానికి ఆక్టిన్, ఏటీపీ చేర్చి, నిర్ణీత వ్యవధుల్లో విడుదలైన ఫాస్ఫేటును కొలుస్తారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఈ పనికి దశాబ్దాల పాటు ఉపయోగపడింది. ఇంకా సున్నితమైన మలకైట్ గ్రీన్ పద్ధతి నేడు ఎక్కువగా కనిపించినా, ఫాస్ఫేటును మాలిబ్డేట్‌తో కలిపి రంగు తెప్పించే సూత్రం అదే. ట్రోపోనిన్ సికి కాల్షియం బంధనం, మయోగ్లోబిన్‌కు ఆక్సిజన్ చేరినప్పుడు మారే రంగు, క్రియాటిన్ కైనేజ్‌కు ఏటీపీ ఉత్పత్తి ఇటువంటి కొలమానాలు. కొన్న ప్రోటీనుకు ఈ పరీక్ష జరిగిందో లేదో అడగకుండా ప్రయోగం మొదలుపెట్టడం సమయాన్నీ డబ్బునూ వృథా చేసుకోవడమే.

నిల్వ మరో సమస్య. పొడిగా ఆరబెట్టినవి కొంత ఓర్చుకున్నా, ద్రావణంలో ఉన్నవాటిని గ్లిసరాల్ చేర్చి చిన్న చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80 డిగ్రీల వద్ద ఉంచాలి. గడ్డకట్టించి కరిగించడం పదేపదే జరిగితే ప్రోటీను ముద్ద కడుతుంది. వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్లలో ఒకటిగా పేరుపడిన రెంటచింతల ఉన్న పల్నాడులో, గొట్టంలోని రక్తం నుంచి తీసే డీఎన్ఏ హైదరాబాదు వరకు ప్రయాణాన్ని తట్టుకోగలదు గాని, మయోసిన్ ద్రావణం మాత్రం పొడి మంచు లేకుండా ఆ ఎండలో గంటలు కూడా నిలవదు.

వినియోగం

ఈ ప్రోటీన్ల ప్రధాన ఉపయోగం మందుల అన్వేషణ, జన్యుమార్పుల విశ్లేషణ, ప్రతిరక్షకాల తయారీ. గుండె మయోసిన్ అతి చురుకుదనాన్ని తగ్గించే మావాకామ్టెన్ అనే మందుకు అమెరికాలో 2022లో అనుమతి లభించింది. మానవ బీటా మయోసిన్ మీద అది ఎలా పనిచేస్తుందో వివరించడంలో పునస్సంయోజిత ప్రోటీన్ల పాత్ర పెద్దది. పరిశోధనకు మాత్రమే అనే ముద్రతో అమ్మే ప్రోటీన్లలో బాక్టీరియా పొర నుంచి వచ్చే ఎండోటాక్సిన్ మిగిలి ఉండవచ్చు, మనిషికి ఇవ్వదగిన ప్రమాణంతో అవి తయారు కావు. కండ పెంచుతాయనే ప్రచారం నమ్మి వ్యాయామశాలల్లో ఇటువంటివాటిని ఇంజక్షనుగా వాడటం ప్రమాదకరం.

సామాన్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ట్రోపోనిన్ పరీక్ష. ఛాతీనొప్పితో ఆసుపత్రికి వచ్చిన వ్యక్తి రక్తంలో గుండె కండరం నుంచి జారిన ట్రోపోనిన్ ఐ లేదా టీని ప్రతిరక్షకాలతో పట్టి కొలుస్తారు. ఆ ప్రతిరక్షకాలను పుట్టించడానికీ, పరికరాన్ని సరిచూడటానికీ పునస్సంయోజిత ట్రోపోనిన్‌ను విరివిగా వాడతారు. అయితే రోగి రక్తంలో ట్రోపోనిన్ ఒంటరిగా ఉండదు, కొంత జతలుగా, కొంత విరిగిన ముక్కలుగా, కొంత ఫాస్ఫేటుతో తిరుగుతుంది; బాక్టీరియాలో తయారైనది ఈ రూపాలన్నిటికీ ప్రతినిధి కాలేదు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ట్రోపోనిన్ ఐకి ప్రమాణ పదార్థాన్ని రూపొందించినప్పుడు పునస్సంయోజిత ప్రోటీనును కాక, మానవ గుండె కణజాలం నుంచి తీసిన సంయుక్త రూపాన్ని ఎంచుకున్నది అందుకే. అయినా ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క ప్రతిరక్షకాన్ని, ఒక్కొక్క ప్రమాణాన్ని వాడుతున్నందున ట్రోపోనిన్ ఐ అంకెలు పరీక్ష నుంచి పరీక్షకు మారుతూనే ఉన్నాయి. నరసరావుపేటలో ఉదయం చేసిన ట్రోపోనిన్ ఐ పరీక్షకూ, రోగిని గుంటూరుకు తరలించాక సాయంత్రం మరో కంపెనీ పరికరం మీద చేసిన పరీక్షకూ మధ్య అంకె పెరిగిందా తగ్గిందా అని నేరుగా పోల్చి చూడటం కుదరదు; అదే పరికరం మీద కొన్ని గంటల తేడాతో మళ్లీ చేసిన పరీక్షతోనే పోల్చాలి.